వరద తగ్గాక కొలిస్తే పియర్ (వంతెనను మోసే స్తంభం) దగ్గర గుంట లేదు. అంటే వంతెన భద్రమేనా? ఏ సెన్సార్ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నది మధ్యలో పియర్లున్న పాత వంతెన. పైల్స్, అంటే లోతుగా దిగ్గొట్టిన స్తంభాలు, లేవు. ఇసుక మీద వెడల్పుగా పోసిన కాంక్రీట్ దిమ్మె, అంటే ఫుటింగే పునాది. మొన్నటి వరద తగ్గాక రాడ్డుతో కొలిస్తే నది అడుగు మట్టం నిరుడు ఎంతుందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది, కాబట్టి కోత (ప్రవాహం పియర్ చుట్టూ అడుగు ఇసుకను తోడేయడం) సమస్య లేనట్టేనా అని అడుగుతున్నారు. పైగా సెన్సార్లకు డబ్బు మంజూరైంది, ఏది కొంటే మంచిదో చెప్పమంటున్నారు.

మొదటిదానికి సూటిగా చెబుతాను: ఆ కొలతను చూసి ధీమాగా ఉండకండి. రెండోదానికి జవాబు ఏమిటంటే, సెన్సార్ గురించి ఆలోచించే ముందు తేల్చుకోవాల్సిన పని ఇంకొకటి ఉంది. అది తేలకుండా ఎంత ఖరీదైన పరికరం పెట్టినా గ్రాఫులు గీసుకోవడానికే పనికొస్తుంది.

మీరు కొలిచిన అంకె తప్పని కాదు. వరద వెళ్లిపోతూ అక్కడ ఏం మిగిల్చిందో అది చెబుతుంది, అంతే. ఉధృతి మీదున్న గంటల్లో ఏం జరిగిందో చెప్పదు. ఇసుక నదుల్లో నీరు పెరిగేటప్పుడు పియర్ చుట్టూ గుంట లోతవుతుంది. ఉధృతి తగ్గుతున్న కొద్దీ ఎగువ నుంచి కొట్టుకొచ్చే ఇసుకే ఆ గుంటను పూడ్చేస్తుంది. నీళ్లు తేటబడి మీరు పడవ వేసుకుని వెళ్లేసరికి అడుగు చదునుగా, ఏమీ జరగనట్టే ఉంటుంది. అలా పూడిన ఇసుక వదులుగా ఉంటుంది కూడా. ఫుటింగ్ పక్కన పాత గట్టి ఇసుక ఇచ్చిన ఆనుదల అది ఇవ్వదు, వచ్చే వరదకు ముందుగా లేచిపోయేదీ అదే.

మొన్న గుంట ఎంత దాకా దిగిందో ఇప్పటికీ కొంతవరకు పట్టుకోవచ్చు. అదే స్టీల్ రాడ్డును అడుగుకు ఆనించి ఆపకుండా చేత్తో బలంగా గుచ్చి చూడండి. పాత గట్టి ఇసుకైతే రాడ్డు కొద్దిగా దిగి మొరాయిస్తుంది, సుత్తితో కొడితే గానీ కదలదు. కొత్తగా పూడిన చోట చేతి బలానికే జర్రున దిగి, ఒక లోతు దగ్గర ఉన్నట్టుండి గట్టి తగులుతుంది. చేతికి ఆ తేడా బాగా తెలుస్తుంది. పియర్ ముక్కు (ప్రవాహానికి ఎదురుగా ఉండే కొస) దగ్గర, రెండు పక్కల, వెనక, ఆ తర్వాత పియర్‌కు దూరంగా ఒకచోట ఇలా గుచ్చి, గట్టి తగిలిన లోతులు రాసుకుంటే మొన్నటి గుంట ఆకారం ఇంచుమించుగా బయటపడుతుంది. గులకరాళ్ల అడుగైతే ఈ పద్ధతి పనిచేయదు. మంచినీటి నది అయితే గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌తో పూడిక పొరను చూడొచ్చు. ఉప్పునీటి ప్రభావం ఉన్న చోట దాని సిగ్నల్ లోపలికి పోదు.

ఇక ఎంత లోతు కోత పడొచ్చన్నది. పియర్‌ను ఢీకొన్న నీరు ముఖం వెంబడి కిందికి దూకి, పియర్ మొదలు దగ్గర గుర్రపు డెక్క ఆకారంలో సుడి తిరిగి రెండు పక్కలా సాగుతుంది. అడుగున ఇసుకను లేపేది ఆ సుడే. అమెరికా ఫెడరల్ హైవే శాఖ వాళ్ల హెచ్ఈసీ-18 మాన్యువల్‌లో చేతిలెక్కకు పనికొచ్చే హద్దు ఒకటి ఉంది. ముక్కు గుండ్రంగా ఉండి, ప్రవాహానికి సూటిగా నిలిచిన పియర్ దగ్గర స్థానిక కోత మామూలు వేగాల్లో పియర్ వెడల్పుకు 2.4 రెట్ల దాకా, ప్రవాహం మరీ ఉధృతమై ఫ్రౌడ్ సంఖ్య (లోతుతో పోల్చి ప్రవాహ వేగాన్ని చెప్పే అంకె) 0.8 దాటితే 3 రెట్ల దాకా ఉండొచ్చు. అంటే 2 మీటర్ల పియర్‌కు 4.8 మీటర్లు. కోత లోతును లేసీ సూత్రం అనే ఇంకో సూత్రంతో లెక్కగట్టే అలవాటున్న వాళ్లు అదీ చేసి, రెండిట్లో ఎక్కువ వచ్చింది పట్టుకోండి.

“సూటిగా నిలిచిన” అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పాత వంతెనల దగ్గర నది దిశ మార్చుకుని ఉండటం చాలా మామూలు. పియర్ పొడవు దాని వెడల్పుకు 8 రెట్లుండి, ప్రవాహం 15 డిగ్రీలు ఓరగా తగిలితే చాలు, కోత లోతు రెట్టింపవుతుంది. 15 డిగ్రీలంటే కంటికి పెద్దగా ఆనదు. వంతెన కట్టినప్పటి నక్షా మీద ఇప్పటి శాటిలైట్ ఫొటో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. దీనికి తోడు చెట్ల మొద్దులు, కొమ్మలు, గుర్రపు డెక్క మొక్కలు వచ్చి పియర్‌కు చుట్టుకుంటే నీటి లెక్క ప్రకారం మీ 2 మీటర్ల పియర్ 5 మీటర్ల పియర్ అయిపోతుంది. నన్నడిగితే వర్షాకాలానికి ముందు ఎగువన పేరుకున్న చెత్త తీయించడం సెన్సార్ కన్నా ఎక్కువ పనికొస్తుంది, కానీ దాని ఫొటో ఎవరూ ప్రెజెంటేషన్‌లో పెట్టరు.

స్థానిక కోత ఒక్కటే కాదు, వంతెన దగ్గర నది ఇరుకైతే వేగం పెరిగి మొత్తం అడుగే దిగుతుంది. ఇవి రెండూ వరదతో వచ్చిపోయేవి. ఏళ్ల తరబడి నెమ్మదిగా దిగేది ఇంకొకటి. ఎగువన డ్యాం ఇసుకను ఆపేయడం, చుట్టుపక్కల ఇసుక తవ్వకాలు దానికి పెద్ద కారణాలు. పోర్చుగల్‌లో దోరో నది మీది హింట్స్ రిబైరో వంతెన 2001 మార్చి 4 రాత్రి పియర్ కూలి పడిపోయింది. బస్సు, కార్లు నదిలో పడి 59 మంది పోయారు. ఏళ్లుగా సాగిన ఇసుక తవ్వకాల వల్ల అడుగు దిగిపోయి ఉంది, దాని మీద ఆ చలికాలపు వరదలు పని పూర్తి చేశాయి. ఏటా ఒకే చోట, ఒకే కాలంలో అడుగు మట్టాల క్రాస్ సెక్షన్ (ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అడ్డకోత) తీసి, అన్నేళ్లవీ ఒకే కాగితం మీద గీస్తే ఇలాంటి దిగుదల కనిపిస్తుంది. వంతెన కింద ఒకటి, ఎగువన ఒకటి, దిగువన ఒకటి తీయండి. మీ నిరుటి కొలత, ఈ ఏటి కొలత పనికొచ్చేది ఇందుకు. ఆ కాగితాలు పారేయకండి.

సెన్సార్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఉందన్నాను కదా. అది వంతెన ఏ మట్టం దగ్గర మూసేయాలన్నది. దానికి మొదట మీ ఫుటింగ్ అడుగు ఏ మట్టంలో ఉందో తెలియాలి. డ్రాయింగ్ ఉంది కదా అనుకోకండి. కట్టేటప్పుడు తవ్వకంలో నీళ్లు ఊరుతుంటే అనుకున్న లోతుకు వెళ్లకుండా కాంక్రీట్ పోసిన చోట్లు ఉంటాయి. వీలైతే పియర్ పై నుంచి ఫుటింగ్ గుండా డ్రిల్ చేసి ఒక కోర్ (కడ్డీలాంటి నమూనా) తీయించండి. కాంక్రీట్ ఎక్కడ ముగిసిందో, దాని కింద ఏ మట్టి ఉందో రెండూ ఒకేసారి తెలుస్తాయి.

అంకెలతో చెబితే తేలిగ్గా ఉంటుంది. ఇవి ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. మట్టాలన్నీ సర్వేలో పెట్టుకున్న ఒకే స్థిర మట్టం నుంచి లెక్కేసిన ఎత్తులు. అడుగు మట్టం 95.60 మీటర్లు. ఫుటింగ్ పై అంచు 94.00, కింది అంచు 92.50. లెక్క ప్రకారం 4.8 మీటర్ల కోత పడితే అడుగు 90.80కి దిగుతుంది, అంటే ఫుటింగ్ కింది అంచుకు 1.7 మీటర్లు దిగువకు. కాబట్టి ఈ వంతెన కోత ప్రమాదం ఉన్నదే, ఇందులో చర్చ లేదు. పసుపు హెచ్చరిక 94.50 దగ్గర పెట్టుకుందాం, మూసివేత 94.00 దగ్గర. కింది అంచు దాకా ఎందుకు ఆగకూడదంటే, ఫుటింగ్ పియర్ కన్నా వెడల్పు. అది ప్రవాహంలోకి తేలాక అదే పెద్ద అడ్డంకి అయి కోత ఇంకా జోరందుకోవచ్చు. ఇసుకలో పూర్తి లోతు కోత కొన్ని గంటల్లోనే పడిపోతుంది. బంకమట్టిలో రోజులు పడుతుంది, కానీ అక్కడ గుంట మళ్లీ పూడే అవకాశం తక్కువ, ఒక్కో వరదకు కొంచెం కొంచెంగా కలుస్తూ పోతుంది.

ఇప్పుడు కొలత. పియర్ ముక్కుకు సరిగ్గా పైన, రెయిలింగ్ మీద ఒక చోట పెయింట్‌తో గుర్తు పెట్టి దాని మట్టం సర్వే చేయించండి. 104.20 అనుకుందాం. అక్కడి నుంచి బరువు కట్టిన తాడు వదిలితే మామూలు రోజున 8.60 మీటర్లకు అడుగు తగులుతుంది. వరదలో 9.70 వస్తే అడుగు 94.50, పసుపు. 10.20 వస్తే మూసేయాలి. ఈ రెండు అంకెలనూ ఆ గుర్తు పక్కనే పెయింట్‌తో రాసేయండి. అర్ధరాత్రి వానలో టార్చి పట్టుకుని తీసివేతలు చేయించకూడదు ఎవరిచేతా. చాలామంది నీటి ఉపరితలం నుంచి లోతు రాసుకుంటారు. వరదలో నీటి మట్టమే గంటగంటకూ మారుతుంటే ఆ లోతు పెరిగింది నీళ్లు పెరిగా, అడుగు దిగా అన్నది ఎవరికీ తెలియదు.

బరువు సంగతి కూడా చూడాలి. 2, 3 కిలోల గుండు సెకనుకు 3 మీటర్ల ప్రవాహంలో అడుగు చేరకుండానే దిగువకు కొట్టుకుపోతుంది, తాడు ఏటవాలుగా సాగి లేని లోతు చూపిస్తుంది. చేప ఆకారంలో, కొన్ని పదుల కిలోల సీసపు బరువు, వించ్, తాడు వాలిన కోణానికి సవరణ ఉంటేనే అది కొలత. పసుపు దాటాక వంతెన మీద మనుషుల్ని ఉంచి కొలిపించడం గురించి మాత్రం రెండుసార్లు ఆలోచించండి. పడవ మాట అసలే వద్దు.

పరికరాల గురించి నా అభిప్రాయం ఇది. పియర్‌కు బిగించే సోనార్, అంటే ఎకో సౌండర్, అడుగును నిరంతరం చూస్తూ ఉంటుంది, దిగడమూ పూడటమూ రెండూ చూపిస్తుంది. ధ్వని మంచినీటిలో 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 1,480 మీటర్లు పోతుంది. 3 మీటర్ల దూరంలోని అడుగు నుంచి 4 మిల్లీసెకన్లలో తిరిగొస్తుంది. దాంతో వచ్చే చిక్కు, సరిగ్గా అవసరమైనప్పుడే తడబడటం. వరద నీటిలో గాలి బుడగలు, ఒండ్రు నిండి ఉంటే సిగ్నల్ చెదిరిపోతుంది, దుంగ తగిలితే బ్రాకెటే ఊడిపోతుంది. బీమ్ శంకువులా విచ్చుకుంటుందనేదీ మర్చిపోతారు. 8 డిగ్రీల బీమ్ 5 మీటర్ల దూరంలో 70 సెంటీమీటర్ల వెడల్పు ప్రాంతాన్ని చూస్తుంది. అందులో ఫుటింగ్ అంచు పడితే అది కాంక్రీట్‌నే అడుగుగా చూపిస్తూ ఉంటుంది, కింద గుంట పడుతున్నా గ్రాఫ్ మాత్రం కదలదు. బిగించిన రోజునే, నీళ్లు తక్కువున్నప్పుడు, బీమ్ ఎక్కడ పడుతోందో సరిచూసుకోవాలి.

మ్యాగ్నెటిక్ స్లైడింగ్ కాలర్ మొరటు పరికరం, నాకు ఇష్టం. అడుగులోకి దిగ్గొట్టిన పైపు చుట్టూ ఒక కాలర్ కూర్చుంటుంది. ఇసుక పోతే కాలర్ జారుతుంది, మళ్లీ పైకి రాదు. కాబట్టి వరద తర్వాత మీరు చూసినా అప్పటిదాకా దిగిన గరిష్ఠ లోతు అక్కడ ఉంటుంది. మీ మొదటి ప్రశ్నకు సరిగ్గా సరిపోయే పరికరం ఇదే. పూడిక మాత్రం దీనికి కనపడదు. పైపు ఉన్న చోటే గుంట పడుతుందన్న నమ్మకం కూడా లేదు, ప్రవాహం ఓరగా ఉంటే లోతైన చోటు ముక్కు దగ్గర కాకుండా పక్కకు జరుగుతుంది. ఫ్లోట్-అవుట్ పరికరాన్ని ముందే నిర్ణయించిన లోతులో పాతిపెడతారు. కోత అక్కడికి చేరితే బయటికి తేలి రేడియో సిగ్నల్ పంపుతుంది. ఒక్కసారే పనిచేస్తుంది, ఏళ్ల తర్వాత లోపలి బ్యాటరీ బతికుందో లేదో తవ్వి చూడలేరు. అయినా మూసివేత మట్టం దగ్గర ఒకటి ఉంటే తప్పు లేదు.

పియర్ వాలును కొలిచే టిల్ట్ సెన్సార్లు బిగించడం తేలిక, నీళ్లలో దిగే పని లేదు, అందుకే అమ్మేవాళ్లు మొదట చూపించేది అవే. అవి కోతను చూడవు, పునాది కదలడం మొదలయ్యాక చెబుతాయి. మీలాంటి ఫుటింగ్ మీద కదలికకూ కూలడానికీ మధ్య ఎంత సమయం దొరుకుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఎండకు, చలికి పియర్ రోజూ కాస్త వాలి లేస్తుంది. కనీసం ఒక ఏడాది రికార్డు లేకుండా ఏ వాలు మామూలు, ఏది కాదు అన్నది తేల్చలేరు. వేరే పద్ధతికి తోడుగా పెట్టుకోండి, ఒంటరిగా వద్దు. వంతెన సహజ కంపనాల్లో మార్పును బట్టి కోతను పసిగట్టే పద్ధతి మీద పేపర్లు బోలెడు వస్తున్నాయి. ఉష్ణోగ్రత తెచ్చే మార్పే ఒక్కోసారి కోత తెచ్చే మార్పుతో సమానంగా ఉంటుంది కాబట్టి, దాని మాట ఒక్కటే పట్టుకుని నేనైతే ట్రాఫిక్ ఆపను, వదలను.

అన్నిటికన్నా చవకైనది, మొండిగా పనిచేసేది నీటి మట్టం చెప్పే గేజ్. ఏ నీటి మట్టానికి ఎంత ప్రవాహం, ఎంత వేగం, లెక్క ప్రకారం ఎంత కోత అని ముందే పట్టిక వేసుకోండి. మూసివేత మట్టానికి సరిపడే కోత ఏ నీటి మట్టం దగ్గర వస్తుందో చూసి, సోనార్ ఏం చెప్పినా, అసలేమీ చెప్పకపోయినా, నీళ్లు అక్కడికి చేరితే వంతెన మూసేయడం. మీ స్థానంలో నేనుంటే గేజ్ మొదట, కాలర్ తర్వాత, ఇంకా డబ్బు మిగిలితే ప్రవాహం ఎక్కువ తగిలే పియర్‌కు సోనార్. సోలార్ ప్యానెల్, డేటా లాగర్ అత్యధిక వరద మట్టానికి పైనే ఉండాలి. మూడేళ్ల నిర్వహణ ఖర్చును కొనుగోలులోనే కలిపి అడగండి. కొనడానికి డబ్బు వచ్చి, కేబుల్ మార్చడానికి రాక మూలపడ్డ పరికరాలు తక్కువేం కావు.

మూసేసేది ఎవరు? దీనికి పేరు, ఫోన్ నంబర్, బారికేడ్ల గది తాళం ఎవరి దగ్గరుందో, పై అధికారి ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలో, అన్నీ ఒక పేజీలో రాసి ఉండాలి. గేటు దగ్గరున్న మనిషి అనుమతి కోసం ఆగకుండా మూసే అధికారం అందులోనే ఇవ్వాలి. అమెరికాలో స్కౌర్-క్రిటికల్ (కోత ప్రమాదం ఉందని తేలిన) వంతెనలన్నిటికీ ప్లాన్ ఆఫ్ యాక్షన్ పేరుతో ఇది తప్పనిసరి. ఆ శ్రద్ధ ఊరికే రాలేదు. 1987 ఏప్రిల్ 5న న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహరీ క్రీక్ వంతెన కూలి 10 మంది చనిపోయారు. అదీ పైల్స్ లేని ఫుటింగే. కోత పడకుండా పియర్ల చుట్టూ పరిచిన పెద్ద రాళ్లు, అంటే రిప్‌రాప్, కొట్టుకుపోయాయి, వాటిని తగినంతగా నిలబెట్టకపోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది.

ఐర్లండ్‌లో మాలహైడ్ రైలు వంతెన ఇంకో రకం కథ, మీకు ఎక్కువ పనికొచ్చేది అదే. 2009 ఆగస్టు 21 సాయంత్రం ఒక పియర్ కూలింది. అటుగా వెళ్తున్న రైలు డ్రైవర్ గమనించి చెప్పడంతో ప్రాణాలు దక్కాయి. అంతకు కొద్ది రోజుల ముందే, ఆ నీళ్లలో తిరిగే స్థానికుడొకరు నీటి తీరు మారిందని ఫోన్ చేసి చెప్పారు. ఇంజినీరు వచ్చి చూశాడు కూడా, ప్రమాదమేమీ కనపడలేదు. ఆ పియర్లు నిలబడ్డది ఒక రాతి కట్ట మీద, ఆ కట్టకు ఎప్పటికప్పుడు రాళ్లు నింపుతూ ఉండాలన్న సంగతి తెలిసిన పాతవాళ్లు వెళ్లిపోయాక సంస్థలో ఎవరికీ గుర్తు లేదని దర్యాప్తు నివేదిక రాసింది. అందుకే మీ వంతెన దగ్గర చేపలు పట్టేవాళ్లు, పడవలు నడిపేవాళ్లు ఎవరైనా “ఇక్కడ సుడి ఇదివరకు ఇలా ఉండేది కాదు” అంటే తేదీతో సహా రాసుకుని, అడుగు కొలిపించండి. పై నుంచి చూసి రావడం సరిపోదు.

రిప్‌రాప్ వేస్తే ఈ గొడవే ఉండదు కదా అని కూడా అడిగారు. వేయండి, కానీ గుంటలో లారీలతో రాళ్లు కుమ్మరించడం కాదు. పైకి గుట్టలా లేస్తే అదే ప్రవాహానికి అడ్డు. రాళ్ల పైభాగం నది అడుగుతో సమానంగా ఉండాలి, పియర్‌కు అన్ని వైపులా కనీసం దాని వెడల్పుకు రెట్టింపు దూరం పరుచుకోవాలి. రాళ్ల కింద ఇసుకను పోనివ్వకుండా ఆపే ఫిల్టర్ పొర లేకపోతే సందుల్లోంచి ఇసుక లాక్కుపోయి రాళ్లే మెల్లగా కిందికి దిగబడతాయి. వేశాక కూడా ప్రతి పెద్ద వరద తర్వాత అవి ఉన్నాయో లేదో చూడాల్సిందే.

చివరగా, మళ్లీ తెరవడం. మీరు రాయలేదు గానీ వచ్చే వరదకు మీకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. నీళ్లు తగ్గాయి, ఎండ వచ్చింది, రెండు వైపులా బళ్లు ఆగిపోయాయి, తెరవమని అందరూ ఫోన్లు చేస్తుంటారు. నీటి మట్టం తగ్గడం ఒక్కటే చూసి తెరవకండి. నీరు వేగంగా తగ్గేటప్పుడు ఒడ్డు మట్టిలో ఇంకిన నీరు బయటికి తోస్తుంది, అబట్‌మెంట్ (ఒడ్డున వంతెన కొసను మోసే కట్టడం) పక్కన గట్టు జారేది తరచుగా అప్పుడే. మొదట కాలర్ ఎక్కడుందో చూడండి. అది మూసివేత మట్టం దాటి ఉంటే పైన ఇసుక పూడి కనిపిస్తున్నా సరే, డైవర్ దిగి ఫుటింగ్ కింద చెయ్యి పెట్టి ఖాళీ ఉందో లేదో చూసి చెప్పేదాకా బారికేడ్ తీయొద్దు. దాటకపోతే ప్రతి పియర్ దగ్గరా తాడుతో కొలిచి, రాడ్డు గుచ్చి, పియర్ల పైమట్టాలు లెవల్‌తో సరిచూసి, వరద ముందు మట్టాలతో తేడా లేదని సంతకం పెట్టాక ముందు తేలిక వాహనాల్ని వదలండి. బరువు లారీల్ని మర్నాడు మళ్లీ ఒకసారి కొలిచాకే.